ఎనిమిది చూపులు, పదమూడు మాటలు: ఒక నవల పేజీ మీద కేస్ స్టడీ

తెలుగు నవలల్లో పాఠకులకి విసుగు పుట్టించే మాటలేవని అడిగితే అందరూ దాదాపు ఒకే జాబితా చెబుతారు. గుండె ఝల్లుమంది, కాళ్ల కింద భూమి కదిలింది, నిశ్శబ్దం రాజ్యమేలింది, చివ్వున తలెత్తింది. జాబితాలో తప్పేమీ లేదు. దాన్ని చేత్తో పట్టుకుని రాతప్రతి మీద పడితేనే పని చెడుతుంది. రచయిత ఆ మాటలు తీసేసి అదే అర్థం ఉన్న వేరే మాటలు పెడతాడు, పాఠకుడి విసుగు ఉన్నచోటే ఉంటుంది. పాత్రలు మళ్లీ మళ్లీ చేసే ఒకే చేష్ట చూసి అతనికి విసుగొచ్చింది. ఆ చేష్టకి ఏ పేరు పెట్టినా గుర్తుపడతాడు. అందుకని లెక్క పెట్టేటప్పుడు మాటని పక్కన పెట్టి చేష్టని లెక్క పెట్టాలి. ఆ లెక్క ఎలా వేయాలో, వేశాక ఏం చేయాలో ఒక పేజీ మీద చేసి చూపించడమే ఇక్కడి పని.

పరీక్షకు తీసుకున్న పేజీ ఏ అచ్చయిన నవలలోదీ కాదు. వారపత్రికల సీరియళ్లలోనూ ఇప్పటి ఆన్‌లైన్ ఎపిసోడ్లలోనూ తరచుగా కనిపించే అలవాట్లని ఒకచోట పోగేసి ఈ కేసు కోసమే అల్లినది. కాబట్టి మామూలు రాతప్రతి కన్నా రోగం కాస్త ముదిరి కనిపిస్తుంది. లెక్కలు మాత్రం ఎవరికి వారే సరిచూసుకోవచ్చు.

మొదటి ప్రతి

తలుపు చప్పుడుకి మాధవి ఉలిక్కిపడి చివ్వున తలెత్తి చూసింది. గుమ్మంలో రవి. ఒక్క క్షణం ఆమె గుండె లయ తప్పింది. రవి ఆమె కళ్లలోకి సూటిగా చూశాడు. ఆ చూపులో ఏదో తెలియని బాధ. మాధవి చటుక్కున చూపు తిప్పుకుంది. కొన్ని క్షణాల పాటు ఇద్దరి మధ్యా నిశ్శబ్దం రాజ్యమేలింది.

"ఎప్పుడొచ్చావు?" గొంతు పెగుల్చుకుని అడిగింది మాధవి.

రవి భారంగా నిట్టూర్చాడు. "పొద్దున్న బస్సుకి" ముక్తసరిగా బదులిచ్చాడు.

మాధవి అతని వైపు అదోలా చూసింది. అతని పెదవులపై నిర్జీవమైన చిరునవ్వు ఒకటి మెరిసి మాయమైంది.

"ఇల్లు అమ్మేస్తున్నాను మాధవీ. అడ్వాన్సు కూడా తీసుకున్నాను" నేల చూపులు చూస్తూ గొణిగాడు రవి.

ఆ మాట వినగానే మాధవి కాళ్ల కింద భూమి కంపించినట్లయింది. ఒక్క క్షణం తన చెవులను తనే నమ్మలేకపోయింది. నోట మాట రాలేదు. శిలాప్రతిమలా నిలబడిపోయింది. ఆమె కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"నన్నొక్క మాటైనా అడగాలనిపించలేదా అన్నయ్యా?" వణుకుతున్న కంఠంతో ప్రశ్నించింది మాధవి.

రవి మౌనంగా తల దించుకున్నాడు. మాధవి అతని వైపే చూస్తూ ఉండిపోయింది. గడియారం చప్పుడు తప్ప ఆ గదిలో అంతా నిశ్శబ్దం.

లెక్క

మొత్తం 119 పదాలు. పాత్రల నోట వచ్చినవి 13. తక్కిన 106 కథకుడివి. అన్న ఊరు నుంచి వచ్చాడు, ఇల్లు అమ్ముతున్నాడు, బయానా పుచ్చుకున్నాడు, చెల్లెలికి చెప్పలేదు: ఈ కథ అంతా ఆ 13 మాటల్లోనే ఉంది. కథకుడి 106 పదాల్లో కళ్లు, పెదవులు, గొంతులు, తలకాయలు ఉన్నాయి. విసుగు పుట్టేది ఇక్కడ. ఏ ఒక్క మాటా తీసుకుని చూస్తే చెడ్డది కాదు, అంత చదివినా చేతికి ఏమీ రాదు.

కుటుంబాలుగా విడదీస్తే ఇలా తేలుతుంది. చూపు కుటుంబం 8 (చూసింది రెండు, చూశాడు ఒకటి, చూపు అన్నది మూడు రూపాల్లో మూడు, చూస్తూ రెండు). క్షణం 3. మాట లేకపోవడం 4: నిశ్శబ్దం రెండుసార్లు, మౌనం ఒకసారి, నోట మాట రాకపోవడం ఒకసారి. గొంతు 2, ఒకచోట గొంతు అని, ఇంకోచోట కంఠం అని. హఠాత్తుగా జరిగినట్టు చెప్పే 'ఉన' చివరి మాటలు 3: చివ్వున, చటుక్కున, గిర్రున. వాటి చుట్టం ఉలిక్కిపడటం అదనం. అర్థం తేలకుండా వదిలేసినవి 2: ఏదో తెలియని, అదోలా.

మొత్తం సంఖ్య కన్నా దూరం ముఖ్యం. పదాలకి వరసగా నంబర్లు వేస్తే చూపు కుటుంబం 7, 20, 22, 28, 53, 68, 69, 111 స్థానాల్లో పడుతుంది. మొదటి పేరాలోనే నాలుగు. ఇరవయ్యో పదం దగ్గర చూశాడు, రెండు పదాలు దాటగానే చూపు, ఇంకో ఆరు దాటగానే మళ్లీ చూపు. 68, 69 పక్కపక్కనే ఉన్నా ఇబ్బంది లేదు. నేల చూపులు చూడటం ఒక నుడికారం, చెవికి ఒకటిగానే వినిపిస్తుంది. 69 తర్వాత 111 దాకా ఎడం బాగానే ఉంది గాని అప్పటికే పాఠకుడు లెక్క పెట్టడం మొదలుపెట్టి ఉంటాడు. అక్కడి నుంచి విడిగా వచ్చినా ఊరుకోడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. వెయ్యి పదాలకి ఇన్నిసార్లు అని ఇంగ్లీషు పాఠాల్లో చెప్పే హద్దులు తెలుగుకి అతకవు. నమ్మలేకపోయింది అన్నది మనకి ఒక పదం. అడగాలనిపించలేదా అన్నదీ ఒక పదమే. మన వెయ్యి పదాల్లో పట్టే వాక్యాలు ఎక్కువ. తెలుగుకి సన్నివేశం, అధ్యాయం అనే కొలతలే నయం.

దిగ్భ్రాంతి పేరా

ఇంటి సంగతి చెప్పిన తర్వాత వచ్చే పేరాలో 24 పదాలు, 5 వాక్యాలు. భూమి కంపించింది, చెవులు నమ్మలేదు, నోట మాట రాలేదు, శిలాప్రతిమ అయింది, నీళ్లు తిరిగాయి. ఒక వార్తకి అయిదు స్పందనలు. పైగా ఒకదానితో ఒకటి పొసగవు. కాళ్ల కింద భూమి కదిలిన మనిషి శిలలా ఎలా నిలబడుతుంది? రచయితకి ఈ ప్రశ్న తట్టదు. అతని చేతిలో ఇవి బొమ్మ కట్టే మాటలుగా లేవు, ఇక్కడ దిగ్భ్రాంతి అని రాసిన చీటీలుగా ఉన్నాయి. ఒక చీటీ చాలలేదనిపించి ఇంకోటి అంటించాడు.

ఈ సామాను మన నవలల్లో లెక్కలేనంత ఉంది. పిడుగు పడ్డట్టయింది, ఆకాశం విరిగి మీద పడింది, కొయ్యబారిపోయాడు, మ్రాన్పడిపోయింది, నిర్ఘాంతపోయాడు, అవాక్కయ్యాడు, నిలువునా నీరైపోయింది, గుండె గొంతుకలోకి వచ్చింది. నవల మొత్తానికి ఒకటో రెండో ఇలాంటివి ఉంటే తప్పులేదు. హద్దు ఎక్కడంటే, కథ నిజంగా మలుపు తిరిగే చోటుకి ఒకటి దాచి ఉంచాలి. పెద్ద మలుపుకి వాడవలసిన మాట ఫోను మోగినప్పుడే ఖర్చయిపోతే, తీరా మనిషి చనిపోయేసరికి రచయిత చేతిలో ఏమీ మిగలదు.

అన్నాచెల్లెళ్లని ఎప్పుడు తెలిసింది

ఈ పేజీలో పునరుక్తి కన్నా పెద్ద తప్పు ఒకటుంది. 'అన్నయ్యా' అన్న మాట 99వ పదం. అంతవరకూ గుమ్మంలో నిలబడ్డ రవి ఎవరు? గుండె లయ తప్పింది, కళ్లలోకి సూటిగా చూశాడు, చటుక్కున చూపు తిప్పుకుంది. తెలుగు నవల పాఠకుడెవరైనా ఇది పాత ప్రేమికుల కలయిక అనే అనుకుంటాడు. అరువు మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో అక్కడి వాసన మోసుకొస్తాయి. ఈ మూడూ ప్రేమ సన్నివేశాల్లో నలిగిన మాటలు. రచయిత వాటిని 'ఉద్వేగం' అనే గదిలోంచి తీశాడు గాని, అందులో ఏ ఉద్వేగమో చూసుకోలేదు. 99వ పదం దగ్గర పాఠకుడు వెనక్కి వెళ్లి మళ్లీ చదవాల్సి వస్తుంది. కొందరు నవ్వుతారు, అది ఇంకా ప్రమాదం.

అందుకే ఎడిటింగ్‌లో అరిగిన మాట తగలగానే ముందు అడగవలసింది: ఈ మాట ఏ రకం సన్నివేశంలో పుట్టింది, ఇక్కడికి సరిపోతుందా? ఎన్నిసార్లు వచ్చిందన్న ప్రశ్న ఆ తర్వాతది.

అన్నాడు, అంది

సంభాషణ దగ్గర ఇంకో ముడి. నాలుగు మాటలకి నాలుగు క్రియలు: అడిగింది, బదులిచ్చాడు, గొణిగాడు, ప్రశ్నించింది. నాలుగింటికీ ముందు తోకలు: గొంతు పెగుల్చుకుని, ముక్తసరిగా, నేల చూపులు చూస్తూ, వణుకుతున్న కంఠంతో. అన్నాడు, అంది అన్న మాటలు ఒక్కసారీ రాలేదు. అవే మళ్లీ మళ్లీ వస్తాయని భయపడి రచయిత తప్పించుకున్నాడన్నమాట. నిజానికి అన్నాడు ఎన్నిసార్లు వచ్చినా కంటికి ఆనదు. బదులిచ్చాడు రెండోసారి వస్తేనే ఆనుతుంది. అమెరికన్ నవలాకారుడు ఎల్మోర్ లెనార్డ్ 2001లో న్యూయార్క్ టైమ్స్‌లో రాసిన పది నియమాల్లో రెండు ఈ సంగతే చెబుతాయి: అన్నాడు తప్ప వేరే క్రియ వాడొద్దు, దానికి క్రియావిశేషణం తగిలించొద్దు. ఈ రెండూ తెలుగుకి బాగానే పనికొస్తాయి.

అదే జాబితాలో హఠాత్తుగా అన్న మాట వాడొద్దని కూడా ఉంది. అది తెలుగులో అంత తేలిగ్గా కుదరదు. ఇంగ్లీషులో ఒక మాట తీసేస్తే పని అయిపోతుంది. మనకి చివ్వున, చటుక్కున, ఠక్కున, గభాలున, తటాలున, దిగ్గున, చప్పున అని పెద్ద బలగం ఉంది. ఇవి చెడ్డ మాటలు కావు, మన భాష సొగసులో భాగం. గిర్రున తిరిగింది బొంగరం అంటే కళ్లముందు కనిపిస్తుంది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి అంటే ఇప్పుడు ఎవరికీ బొంగరం గుర్తురాదు. ఒక్కో ధ్వని మాటకి ఒక్కో క్రియ శాశ్వతంగా ముడిపడిపోవడం దీనికి కారణం. కిలకిలా అంటే నవ్వే, జలజలా అంటే కన్నీరే, విసవిసా అంటే నడకే, చివ్వున అంటే తలెత్తడమే. ముడి విప్పితే మాట మళ్లీ బతుకుతుంది. చిల్లర జలజలా రాలిందంటే పాఠకుడు వింటాడు.

క్రియ తర్వాత కర్త రావడం కూడా చూడండి: అడిగింది మాధవి, గొణిగాడు రవి, ప్రశ్నించింది మాధవి. నాలుగింట్లో మూడు. ఈ తిరగేసిన వాక్యం మాట్లాడే భాషలో నొక్కి చెప్పడానికి వస్తుంది. నొక్కవలసిన అవసరం లేనిచోట వాడితే పేజీ అంతా ఒకే తాళం పడుతుంది. పదాల జాబితాలు వెతికే ఎడిటర్లు దీన్ని చాలాసార్లు వదిలేస్తారు, ఎందుకంటే ఇక్కడ మళ్లీ వచ్చింది మాట కాదు, వాక్యం నడక.

కథకుడు మాధవి పేరు 7 సార్లు, రవి పేరు 5 సార్లు పలికాడు. ఒక ఆడ, ఒక మగ ఉన్న గదిలో ఇన్ని పేర్లు అనవసరం. చూశాడు అంటే రవి, చూసింది అంటే మాధవి, క్రియే చెబుతుంది. ఇద్దరు ఆడవాళ్లున్న సన్నివేశమైతే సంగతి వేరు, అప్పుడు పేర్లు తప్పవు.

ఫైల్లో వెతకడం

నవల మొత్తం మీద ఈ పని చేయాలంటే కంప్యూటర్ వెతుకులాట కావాలి. తెలుగులో అది ఇంగ్లీషంత సాఫీగా సాగదు. ఎక్కడెక్కడ తప్పుతుందో తెలిస్తే పని సగం తగ్గుతుంది.

ముందు ఫాంటు. డీటీపీలో అను ఫాంట్లతో (అచ్చు పనికి వాడే పాత తరహా ఫాంట్లు) కొట్టిన ఫైల్లో యూనికోడ్ తెలుగుతో, అంటే ఫోన్లలోనూ వెబ్‌లోనూ మనం కొట్టే తెలుగుతో, వెతికితే ఏమీ దొరకదు. యూనికోడ్‌లోకి మార్చుకుని, మార్చాక ఒక అధ్యాయం అచ్చు ప్రతితో పక్కన పెట్టుకుని చదవాలి. ఒత్తులు చెదిరితే లెక్కలు తప్పుతాయి.

తర్వాత ధాతువు. చూసింది అని కొడితే చూసింది మాత్రమే దొరుకుతుంది. చూశాడు, చూడగానే, చూచి, చూపులు తప్పించుకుంటాయి. లిబ్రే ఆఫీస్‌లో వెతికే పెట్టెలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లకి (బ్రాకెట్లో ఉన్న అక్షరాల్లో ఏది వచ్చినా పట్టే వెతుకులాట) టిక్ పెట్టి చూ[సశడచప] అని కొడితే కుటుంబమంతా ఒకేసారి వస్తుంది. మాండలికంలో రాసిన నవలైతే ఎదురుజూసింది, వచ్చి జూడు లాంటివి ఉంటాయి కాబట్టి [చజ]ూ[సశడచప] అని వెడల్పు చేసుకోవాలి. చూసిండు, చూసిన్రు కూడా ఇందులోనే పడతాయి. జూపార్కు కూడా పడుతుంది, అది మన ఖర్మ.

వచ్చినవన్నీ దోషాలు కావు. రుచి చూసింది, ఎదురు చూసింది, చేసి చూడు, పెళ్లిచూపులు, చూపుడువేలు, చూస్తుండగానే చీకటి పడింది: వీటిల్లో కళ్లతో చూడటం లేదు. ఇవి తీసేసి లెక్క వేయాలి. అన్నీ ఒకేసారి మార్చెయ్ అనే మీట ఎట్టి పరిస్థితిలోనూ నొక్కకూడదు. నొక్కితే పెళ్లిచూపులు ఏమవుతాయో ఊహించుకోండి.

క్షణం ఇంకో గండం. క్షణ అని కొడితే లక్షణం, రక్షణ, శిక్షణ, తక్షణం, నిరీక్షణ అన్నీ వచ్చి పడతాయి. ముందు ఒక ఖాళీ పెట్టి కొడితే ఇవి పోతాయి. అప్పుడు ఆక్షణం, మరుక్షణం అని కలిపి రాసినవి తప్పించుకుంటాయి, వాటికి విడిగా వెతకాలి. క్షణం అని సున్నాతో వెతికితే క్షణమే, క్షణాలు రావు కాబట్టి సున్నా లేకుండానే కొట్టాలి.

పెదవికి పెద అని కొడితే పెద్ద అన్న ప్రతి మాటా వస్తుంది. పెదవ, పెదాల అని రెండుసార్లు వెతకడం మేలు. గుండెకి గుండె ఒక్కటే చాలదు. హృదయ, మనస, ఎద కూడా చూడాలి, ఎద దగ్గర ఎదురు, ఎదుట, ఎదగడం వస్తాయని తెలిసే కొట్టాలి. కళ్లకి కళ్ళ, కళ్ల రెండు రకాల రాతలూ ఒకే ఫైల్లో ఉండటం మామూలే. కన్ను, కనులు, నేత్రాలు అదనం. నిశ్శబ్దాన్ని నిశబ్దం, నిశ్శబ్ధం అని తప్పుగా రాసిన చోట్లు సరైన రాతతో వెతికితే దొరకవు. శబ్ అని కొడితే మూడూ వస్తాయి. చటుక్కున, ఠక్కున, తళుక్కున లాంటి వాటికి క్కున మంచి వల. ముక్కున వేలేసుకుంది, అక్కున చేర్చుకుంది అందులో పడితే వాటిని వదిలేయాలి. ఉన అని మాత్రం గుణింతంతో వెతకొద్దు, తీసుకున్న, వస్తున్న, పొద్దున్న అన్నీ వచ్చి ఫైలంతా పసుపు పూసినట్టవుతుంది.

వెతికే ముందు చేతితో చేయవలసిన పని ఒకటి మిగిలింది. మొదట్లో, మధ్యలో, చివర్లో ఒక్కో అధ్యాయం తీసుకుని పైకి చదువుతూ పెన్సిలుతో గీతలు పెట్టాలి. ఈ రచయిత అలవాటు ఏదో అప్పుడు తెలుస్తుంది. అందరికీ ఒకే జాబితా పనికిరాదు. ఒకరికి నిట్టూర్పులు, ఒకరికి నవ్వులు, ఒకరికి ప్రతి పేజీలో కాఫీ.

దొరికినవాటికి కుటుంబానికో రంగు వేసి, పేజీలని చిన్నవి చేసి తెర మీద పరిచి చూస్తే గుంపులు ఎక్కడున్నాయో కనిపిస్తుంది. గుంపులే ముందు బాగుచేయాలి. విడిగా దూరంగా ఉన్నవి చాలావరకు ముట్టుకోనక్కర్లేదు.

ఎందుకు పేరుకుంటాయి

సీరియల్ రూపం దీనికి ముఖ్య కారణం. వారం వారం చదివే పాఠకుడికి పోయిన వారం చివ్వున తలెత్తిన సంగతి ఈ వారం గుర్తుండదు. వారానికొక నిట్టూర్పు ఎక్కువేమీ కాదు. ఆ భాగాలన్నీ కుట్టి పుస్తకం వేసినప్పుడు, రెండు రోజుల్లో చదివే పాఠకుడికి అవన్నీ పక్కపక్కనే తగులుతాయి. ప్రతి భాగంలోనూ పాత్రని కొత్తగా గుర్తుచేయాలి కాబట్టి ఆల్చిప్పల్లాంటి కళ్లు, కోటేరులాంటి ముక్కు, ఆరడుగుల ఎత్తు మళ్లీ మళ్లీ వస్తాయి. భాగం చివర పాఠకుణ్ణి ఆపాలి కాబట్టి కొయ్యబారడాలు అక్కడే పోగవుతాయి. ఫోన్‌లో ఎపిసోడ్లుగా వచ్చే నవలలదీ ఇదే దారి. అందుకే సీరియల్‌ని పుస్తకం చేసేటప్పుడు ప్రతి పాత భాగం మొదటి పేరా, చివరి పేరా విడిగా తీసి వరసగా పెట్టుకుని చదవడం లాభసాటి పని.

అనువాదాల నుంచి వచ్చిన చేష్టలు ఇంకో మూట. భుజాలు ఎగరేశాడు, కళ్లు గుండ్రంగా తిప్పింది, తనకి తెలియకుండానే బిగబట్టిన ఊపిరి వదిలింది. ఇంగ్లీషు పాఠకులకే ఇవి విసుగు పుట్టిస్తున్నాయి. మన దగ్గర మనుషులు భుజాలు ఎగరేయడం ఎంత అరుదు! పెదవి విరుస్తారు, మూతి ముడుస్తారు, బుగ్గలు నొక్కుకుంటారు, నెత్తి కొట్టుకుంటారు. మన చేష్ట అన్నంత మాత్రాన అదీ పదిసార్లు రావచ్చని కాదు.

చెడిన సవరణలు

ఈ పేజీ రచయితకి చూపు ఎక్కువైందని మాత్రమే చెబితే ఏం జరుగుతుంది? మాధవి తలెత్తి చూసింది, రవి ఆమె కళ్లలోకి దృష్టి సారించాడు, ఆ వీక్షణంలో ఏదో బాధ, ఆమె అతణ్ణి పరికించింది. వెతుకులాటలో సంఖ్య తగ్గుతుంది. చేష్టలు తగ్గవు, పైగా భాష చెడుతుంది. గుమ్మంలో నిలబడ్డ అన్నని ఎవరూ వీక్షించరు. గొంతు, కంఠం జంటలో ఇది ముందే జరిగిపోయింది. పర్యాయపదాలు నిఘంటువులో సమానంగా ఉంటాయి, వంటింట్లో ఉండవు.

రెండో రకం చెడు సవరణ చేష్టని తీసేసి ఆ భావాన్ని పేరుతో చెప్పడం. మాధవికి చాలా బాధ కలిగింది. అరిగిన మాట పోయింది, దాని బదులు ఏమీ రాలేదు.

పాత్ర ఊతపదాన్ని కూడా పునరుక్తి అనుకుని కొట్టేయడం మూడోది. మేనమామ ప్రతి మాటకీ 'అదేమాట' అంటే అది అతని మనిషితనం, ఉండాలి. ఆ అదేమాట కథకుడి నోటా, కోడలి నోటా వినిపిస్తే అప్పుడది రచయితది. దీనికి పరీక్ష సులువు: ఆ మాట ఎవరెవరు పలికారో పేర్లు రాసి చూడటమే.

సవరించిన ప్రతి

చేసే వరస ఇది. సంభాషణ తప్ప అంతా తీసేసి చూడాలి. కథ అర్థమవుతోందా? ఇక్కడ అవుతోంది. తర్వాత, ఈ మనుషులకి ఈ క్షణాన తెలిసిన విషయాలు ఏమిటో, చేతిలో ఏముందో, గదిలో ఏముందో రాసుకోవాలి. అందులోంచి ఒకటో రెండో పేజీలోకి తేవాలి. చేష్ట ఒక్కటి, చిట్టచివర.

తలుపు చప్పుడైతే పాలవాడనుకుని మాధవి గిన్నె పట్టుకుని వెళ్లింది. గుమ్మంలో అన్నయ్య. చేతిలో సంచీ లేదు.

"ఎప్పుడొచ్చావు?"

"పొద్దున్న బస్సుకి."

అప్పటికి సాయంత్రం నాలుగు దాటింది. గిన్నె పక్కన పెట్టి కుర్చీ మీది బట్టలు తీసింది. రవి కూర్చోలేదు.

"ఇల్లు అమ్మేస్తున్నాను మాధవీ. అడ్వాన్సు కూడా తీసుకున్నాను."

బట్టలింకా మాధవి చేతుల్లోనే ఉన్నాయి. "ఎంత?"

"రెండు లక్షలు."

"ఎప్పుడు?"

"పోయిన నెల."

పోయిన నెల సంక్రాంతికి వాళ్లింట్లోనే మూడు రోజులుంది. వదిన చీర కూడా పెట్టింది.

"నన్నొక్క మాటైనా అడగాలనిపించలేదా అన్నయ్యా?"

రవి చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. "రిజిస్ట్రేషన్‌కి నీ సంతకం కావాలంటున్నారు" అన్నాడు. అప్పుడు గానీ ఆమె ముఖం చూడలేదు.

ఇప్పుడు 75 పదాలు. సంభాషణ 13 నుంచి 23కి పెరిగింది, పాత 13 మాటల్లో ఒక్కటీ మారలేదు. కథకుడివి 106 నుంచి 52కి వచ్చాయి. పేర్లు కథకుడి నోట 12 నుంచి 4కి తగ్గాయి. చూపు ఒక్కటే మిగిలింది, అది చివరి మాట. ముందు దాన్ని కూడా తీసేసి చూస్తే పేజీ పొడిగా అనిపిస్తుంది. ఎనిమిది చూపుల మధ్య కనిపించని చూపు, ఒంటరిగా వచ్చేసరికి సంతకం కోసమే వచ్చాడని చెప్పేసింది.

దిగ్భ్రాంతి పని ఇప్పుడు చీర చేస్తోంది. అడ్వాన్సు పుచ్చుకున్న నెలలోనే వదిన చీర పెట్టి పంపింది. మాధవి మనసులో ఏమైందో పాఠకుడే లెక్క కడతాడు. పొద్దున్న దిగిన మనిషి సాయంత్రం దాకా ఎక్కడున్నాడు అన్నది ఇంకో లెక్క. మొదటి ప్రతిలోనూ పొద్దున్న బస్సు ఉంది, పక్కనే భారంగా నిట్టూర్చడంతో ఎవరూ పట్టించుకోలేదు.

సంతకం సంగతి కథకి బయటి నుంచి తెచ్చింది కాదు. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు 2005 హిందూ వారసత్వ చట్ట సవరణతో దాదాపు దేశమంతా వచ్చింది. పెళ్లికాని కూతుళ్లకి ఆంధ్రప్రదేశ్‌లో అంతకు ముందే 1986 సవరణ ఇచ్చింది. కొనేవాడు చెల్లెలి సంతకం అడగకుండా ఉండడు. రచయిత ఇల్లు అమ్మకం అని రాసినప్పుడే ఈ కాగితం అతని చేతిలో ఉంది, తీసి చూపించలేదు. అరిగిన మాటలు ఎక్కువ పోగైన చోట వెతికితే ఇలాంటి వాడని సరుకు తరచుగా దొరుకుతుంది. ఏం జరుగుతుందో తేల్చుకోని చోటే రచయిత పాత్రల చేత చూపులు చూపిస్తాడు.

రచయితకి పంపే చీటీ

మార్జిన్‌లో ఎనిమిదిచోట్ల 'రిపీట్' అని రాసి పంపకూడదు. అలా పంపితే ఎనిమిది పర్యాయపదాలు తిరిగొస్తాయి. అధ్యాయానికొక చీటీ రాయాలి: ఏ చేష్ట, ఎన్నిసార్లు, ఏయే పేరాల్లో గుంపుగా ఉంది, ఎడిటర్ ఉంచమనేది ఏది, ఆ సన్నివేశంలో పాత్రలకి తెలిసినా పాఠకుడికి చెప్పని విషయం ఏది. చివరిది అన్నిటికన్నా ఎక్కువ పని చేస్తుంది. ఒకసారి ఒక కుటుంబమే పట్టుకోవాలి. చూపులు, నిట్టూర్పులు, క్షణాలు ఒకే చుట్టులో దులిపితే రచయిత బెదిరిపోయి నవల గొంతునే మార్చేస్తాడు.

సవరణలు వచ్చాక వెతుకులాట మళ్లీ మొదటి నుంచి చేయాలి. చూపులు తీసేసిన చోట గిన్నెలు, గ్లాసులు, బట్టలు చేరతాయి. ఒక పేజీలో బాగున్న గిన్నె పది పేజీల్లో కొత్త రోగం. కాఫీ కప్పు బల్ల మీద పెట్టడం ఇప్పటికే ఆ దారిలో ఉంది.

పైన సవరించిన పేజీనే అలా వెతికితే పెట్ట అన్నది మూడుసార్లు తగులుతుంది. గిన్నె పక్కన పెట్టి, చీర పెట్టింది, మడత పెట్టిన. ఒకటి వస్తువుని దించడం, ఒకటి ఆడపడుచుకి చేసే మర్యాద, ఒకటి కాగితం ఆకారం. మాట ఒక్కటే, చేష్టలు మూడు. వాటిని ముట్టుకోలేదు.